లెస్టర్ 81 పాయింట్లలో అదృష్టం వాటా ఎంత? ఒక ప్రాజెక్టు డైరీ

ఫుట్‌బాల్‌లో అదృష్టం అనే మాట గెలిచిన జట్టు అభిమానికి అవమానంగా, ఓడిన జట్టు అభిమానికి ఓదార్పుగా వినిపిస్తుంది. ఆ మాటను ఒక అంకెగా మార్చడమే ఈ ప్రాజెక్టు పని. ఎంచుకున్న సీజన్ 2015–16 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్. అంతకు ముందు ఏడాది 41 పాయింట్లతో 14వ స్థానంలో నిలిచిన లెస్టర్ సిటీ ఆ ఏడాది 81 పాయింట్లతో టైటిల్ గెలుచుకుంది. మరుసటి ఏడాది 44 పాయింట్లతో 12వ స్థానానికి వచ్చింది. 41, 81, 44. నడుమనున్న ఆ అంకెలో ఆట ఎంత, అదృష్టం ఎంత?

ఇంటర్మీడియట్ స్థాయి సంభావ్యత, ఒక స్ప్రెడ్‌షీట్, రెండు పాచికలు ఉంటే ఎవరైనా దీన్ని మళ్లీ చేసి చూడవచ్చు. పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసిన వారికి పని తొందరగా అవుతుంది, అంతే. ఎక్కడ ఏ పద్ధతి నిలబడలేదో, దేన్ని ఎందుకు మార్చానో రాస్తున్నాను. మీరు అదే దారిలో వెళ్లి ఆగిపోకూడదు కదా.

దశ 1: పట్టిక, తనిఖీలు

ఏ సీజన్ తీసుకున్నా ముందు ఈ నాలుగు పనులూ చేయండి.

1. 20 జట్ల గెలుపులు, డ్రాలు, ఓటములు, చేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్, పాయింట్లు వేర్వేరు నిలువు వరసల్లో ఎక్కించాలి.
2. చేసిన గోల్స్ మొత్తం, ఇచ్చిన గోల్స్ మొత్తం ఒకటే కావాలి. ఈ సీజన్‌కు రెండూ 1026.
3. గోల్ తేడాలన్నీ (చేసిన వాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేవి) కూడితే సున్నా రావాలి.
4. గెలుపోటములు తేలిన మ్యాచ్ 3 పాయింట్లు పంచుతుంది, డ్రా 2 మాత్రమే పంచుతుంది. 380 మ్యాచ్‌లకు 1140 పంచాల్సింది, పంచినవి 1033. తేడా 107. అంటే 107 డ్రాలు.

పై నుంచి కిందికి పాయింట్లు ఇవి: 81, 71, 70, 66, 66, 63, 62, 60, 51, 50, 47, 47, 45, 43, 42, 42, 39, 37, 34, 17. పైన లెస్టర్, అడుగున ఆస్టన్ విల్లా.

ఇప్పటిదాకా లెక్క: 380 మ్యాచ్‌లు, 1026 గోల్స్, 107 డ్రాలు, 1033 పాయింట్లు. జట్టుకు సగటు 51.65 పాయింట్లు. ఒక మ్యాచ్‌లో ఒక జట్టుకు సగటున 1.35 గోల్స్.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు ఒక ఆటలో ఎన్నో పదుల పాయింట్లు చేస్తుంది, కాబట్టి ఒక బుట్ట అటూ ఇటూ అయినా ఫలితం సాధారణంగా మారదు. ఇక్కడ సరాసరిన ఒకటిన్నర గోల్ కూడా లేదు. ఒక్క బంతి గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోయిందా, బయటికి పోయిందా అన్నదే రెండు పాయింట్లను మార్చేస్తుంది. ఫుట్‌బాల్‌లో అదృష్టం పెద్దదిగా ఉండడానికి మూలం ఈ తక్కువ గోల్సే.

దశ 2: అదృష్టపు గోల్స్‌ను వేరు చేయడం (వదిలేసిన పద్ధతి)

ఎవరికైనా మొదట తట్టే దారి ఇదే: అదృష్టం కొద్దీ వచ్చిన గోల్స్‌ను గుర్తించి తీసేసి, పాయింట్లు మళ్లీ కూడడం. ఆఖరి నిమిషాల గోల్స్‌ను తీసుకున్నాను. ప్రతి మ్యాచ్ 88వ నిమిషం పూర్తికాగానే ముగిసిపోయిందనుకుంటే లెస్టర్‌కు మారే ఫలితాలు ఇవి:

1. ఆస్టన్ విల్లాపై 3–2. నేథన్ డయర్ గోల్ 89వ నిమిషంలో వచ్చింది. గెలుపు డ్రా అవుతుంది: 2 పాయింట్లు పోతాయి.
2. సౌతాంప్టన్‌లో 2–2. జేమీ వార్డీ అదనపు సమయంలో సమం చేశాడు. డ్రా ఓటమి అవుతుంది: 1 పోతుంది.
3. ఆర్సెనల్‌లో 1–2. డేనీ వెల్బెక్ గోల్ అదనపు సమయం 5వ నిమిషంలో పడింది. ఓటమి డ్రా అవుతుంది: 1 వస్తుంది.
4. నారిచ్‌పై 1–0. లెస్టర్ ఆటగాడు ఉల్లోవా గోల్ 89వ నిమిషంలో: 2 పోతాయి.
5. వెస్ట్ హామ్‌తో 2–2. అదనపు సమయం 5వ నిమిషంలో ఉల్లోవా పెనాల్టీ: 1 పోతుంది.

నడుస్తున్న మొత్తం: 81, 79, 78, 79, 77, 76.

ఆర్సెనల్‌కు ఉన్నవి 71. వెల్బెక్ గోల్ తీసేస్తే వారికి 69. అంటే లెస్టరే ముందు. లెక్క చక్కగానే కుదిరింది, అయినా ఈ పద్ధతిని పక్కన పెట్టాను.

కారణం నారిచ్ మ్యాచ్‌లోనే ఉంది. 2016 ఫిబ్రవరి చివర్లో, సొంత మైదానంలో, 88 నిమిషాలు గడిచినా గోల్ లేదు. మార్క్ ఆల్‌బ్రైటన్ గోల్ ముందు నుంచి అడ్డంగా పంపిన బంతి అందరినీ దాటుకుంటూ అవతలి స్తంభం దాకా వచ్చింది. బదులు ఆటగాడిగా దిగిన ఉల్లోవా అక్కడికి చేరుకుని లోపలికి నెట్టాడు. ఇందులో ఏది అదృష్టం? బంతి ఎవరికీ తగలకపోవడమా? మరి ఉల్లోవా అక్కడ ఉండడం అతని పరుగు. అతన్ని దించడం శిక్షకుడు క్లాడియో రానియేరి నిర్ణయం. ఒకే గోల్‌లో రెండూ ముడిపడి ఉన్నాయి. కంటికి తెలిసే అదృష్టం చాలా అరుదు. 2009 అక్టోబర్ 17న సండర్లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ కొట్టిన బంతి, ప్రేక్షకుల వైపు నుంచి మైదానంలోకి వచ్చిన బీచ్ బాల్‌కు తగిలి దారి మళ్లి లివర్‌పూల్ గోల్‌లో పడింది. ఆ మ్యాచ్ 1–0తో ముగిసింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా అదృష్టం ఏ గోల్ మీదా ముద్ర వేసుకుని కనిపించదు. కాబట్టి దాన్ని గోల్స్‌లో వెతకకూడదు, మొత్తాల్లో వెతకాలి.

ఈ దశ నుంచి మిగుల్చుకున్నది ఒకటుంది. ఆ సీజన్‌లో ఒక్క గోల్ తేడాతో తేలిన లెస్టర్ మ్యాచ్‌లు 16. వాటిలో గెలిచినవి 14, ఓడినవి 2. అలాంటి మ్యాచ్ బొమ్మా బొరుసే అనుకుంటే 16లో 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలిచే సంభావ్యత 65,536లో 137. దాదాపు 480కి ఒకటి. అయితే మంచి జట్టుకు ఆ నాణెం కాస్త మొగ్గి ఉంటుంది. ఆ మొగ్గు ఎంతో తెలియాలంటే ఒక నమూనా కావాలి.

దశ 3: పాచికలతో మ్యాచ్

నమూనా సూత్రం ఇది. ఒక జట్టు గోల్ మీదికి కొట్టే ప్రతి షాట్ ఒక పాచిక విసురు. రెండు పాచికలు వేయాలి, ముందే నిర్ణయించుకున్న మొత్తం పడితే గోల్. సగటు జట్టుకు 12 విసుర్లు ఇచ్చాను. ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టు మ్యాచ్‌కు కొట్టే షాట్లు డజను దరిదాపుల్లోనే ఉంటాయి.

ఏ మొత్తం ఎంచుకోవాలన్నది కొలిచి చూసుకోవాలి:

1. మొత్తం 7 పడితే గోల్: సంభావ్యత 6లో 1. మ్యాచ్‌కు జట్టుకు 2.0 గోల్స్. చాలా ఎక్కువ.
2. మొత్తం 4 పడితే గోల్: 12లో 1. జట్టుకు 1.0. తక్కువ.
3. మొత్తం 5 పడితే గోల్: 9లో 1. జట్టుకు 1.33. అసలు పట్టిక చెప్పేది 1.35. ఇదే ఖాయం చేశాను.

చేత్తో వేసి చూడడం తప్పకుండా చేయండి. కంప్యూటర్ చెప్పేది నమ్మడం వేరు, ఇద్దరికీ సమానంగా 12 విసుర్లు ఇచ్చాక కూడా ఒక వైపు 3–0 పడడం కళ్లారా చూడడం వేరు. రెండు జట్లకూ తేడా ఏమీ లేదని మీకు ముందే తెలుసు. అయినా ఆ 3–0 వెనుక ఒక కథ వెతకాలని మనసు లాగుతుంది. మ్యాచ్ తర్వాత విశ్లేషణల్లో సగం ఇలా పుట్టేవేనని నా గట్టి నమ్మకం.

చేత్తో ఒక సీజన్ పూర్తి చేయడం కష్టం కాబట్టి ఆ పని పైతాన్‌కు అప్పగించాను. 20 జట్లు, అందరికీ 12 విసుర్లు, ఒక్కొక్కరికి 38 మ్యాచ్‌లు, అలా 10 వేల సీజన్లు.

ఎదురైన మొదటి చిక్కు డ్రాలు. నమూనాలో 26.7 శాతం మ్యాచ్‌లు డ్రా అవుతాయి. అసలు సీజన్‌లో 28.2 శాతం. పాచికలు వదిలి పాయిజాన్ విభాజనం (విసుర్ల లెక్క లేకుండా సగటు గోల్స్ నుంచే సంభావ్యతలు ఇచ్చే సూత్రం) వాడితే అది 25.8కి పడిపోయింది, అంటే ఇంకా దూరం. ఇది పాత సమస్యే. 1982లో మైక్ మేహర్ అనే పరిశోధకుడు పాయిజాన్ ఆధారంగా నమూనా కట్టాడు. 1997లో డిక్సన్, కోల్స్ అనే పరిశోధకులు 0–0, 1–1 లాంటి చిన్న స్కోర్లకు ప్రత్యేకంగా దిద్దుబాటు చేర్చారు. ఆ దిద్దుబాటు పెట్టాలా అని ఆలోచించి వద్దనుకున్నాను. నమూనా ఆశించే డ్రాలు 101 లేదా 102, వచ్చినవి 107, డ్రాల సంఖ్యలో సహజంగా ఉండే ఊగిసలాట 8 నుంచి 9. తేడా అందులో ఇమిడిపోతోంది. మీరు చాలా సీజన్లు కలిపి చేస్తే మాత్రం దిద్దుబాటు పెట్టండి.

ఫలితం: అందరూ అచ్చంగా సమానమైన ఆ లీగ్‌లో మొదటి జట్టుకు సగటున 67 పాయింట్లు, ఆఖరి జట్టుకు 36 లేదా 37. దీన్ని అసలు పట్టిక పక్కన పెట్టి చూడండి. ఆ ఏడాది నాలుగో స్థానానికి చాలినవి 66. న్యూకాజిల్ కింది డివిజన్‌కు పడిపోయింది 37తో. ప్రతిభలో వెంట్రుకవాసి తేడా లేకపోయినా ఒక జట్టు ఐరోపా మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ దాకా వెళ్తుంది, మరొకటి డివిజన్ జారిపోతుంది. ఒక శిక్షకుడికి సన్మానం, ఇంకొకరికి ఉద్వాసన. ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కుదిపిన అంకెలు ఈ రెండే.

కానీ ఇదే నమూనా ఇంకో సంగతి కూడా చెప్పింది. సమాన జట్ల లీగ్‌లో ఒక ఫలానా జట్టు 81 దాటడం 10 వేల సీజన్లలో ఒకటి రెండు సార్లకు మించదు. కాబట్టి లెస్టర్ ఒక సగటు జట్టు, అదృష్టం దాన్ని మోసుకొచ్చింది అన్న వాదన ఇక్కడే పడిపోతుంది.

దశ 4: బలమైన జట్టుకు 15, ప్రత్యర్థికి 9

ఇప్పుడు ఒక మంచి జట్టును తయారు చేయాలి. దానికి 15 విసుర్లు, ప్రత్యర్థికి 9. సగటున 1.67 గోల్స్ చేస్తుంది, 1 ఇస్తుంది. 38 మ్యాచ్‌లకు గోల్ తేడా 25 దాకా వస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో చేయాలంటే:

1. ద్విపద విభాజనంతో 15 విసుర్లకు 0, 1, 2... గోల్స్ పడే సంభావ్యతలు ఒక వరసలో రాయాలి.
2. 9 విసుర్లకు అలాగే ఇంకో వరస.
3. రెండిటినీ గుణించి గళ్ల పట్టిక నింపాలి. కర్ణం మీదున్నవి డ్రాలు. కర్ణానికి ఒక పక్క గెలుపులు, మరో పక్క ఓటములు.
4. మూడూ కూడితే 1 రావాలి.

వచ్చినవి: గెలుపు 53.5 శాతం, డ్రా 24.8, ఓటమి 21.7. అవకాశాల్లో ప్రత్యర్థిని ఇంతగా మించిన జట్టు కూడా దాదాపు సగం మ్యాచ్‌లు గెలవలేదు. అయిదింట ఒకటికి పైగా ఓడిపోతుంది.

సీజన్ మొత్తానికి సగటు 70.4 పాయింట్లు, ప్రామాణిక విచలనం 7.9. దాని అర్థం వాడుక మాటల్లో చెప్పాలంటే:

1. మూడింట రెండు సీజన్లలో పాయింట్లు 62కూ 78కీ మధ్య ఉంటాయి.
2. పదింట ఒక సీజన్‌లో 81 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి.
3. పన్నెండింట ఒక సీజన్‌లో 60 కూడా రావు.

2015–16 పట్టికలో 81 అంటే కప్పు, 60 అంటే 8వ స్థానం. అవే 11 మంది, అదే శ్రమ, అదే వ్యూహం. పాచికలు మాత్రమే వేరు.

ఈ జట్టు మీదే ఇంకొకటి కొలిచాను, శిక్షకుల మీద విరుచుకుపడే వాళ్ల కోసం. వరసగా అయిదు మ్యాచ్‌లు గెలవకుండా ఉండే దశ ఈ 70 పాయింట్ల జట్టుకు ఎంత తరచుగా వస్తుంది? 35 శాతం సీజన్లలో. మూడేళ్లకు ఒకసారన్నమాట. ఏ తప్పూ చేయకుండానే. అయిదు మ్యాచ్‌లు చూసి ఒక మనిషి ఉద్యోగం తీసేయమనే ముందు ఈ 35ను ఒకసారి తలుచుకోవాలి.

దశ 5: పట్టిక మొత్తంలో అదృష్టం వాటా

ఒక్క జట్టు నుంచి లీగ్ మొత్తానికి వద్దాం. జట్ల పాయింట్లలో కనిపించే తేడాలు రెండు మూలాల నుంచి వస్తాయి: నిజమైన బలాబలాలు, అదృష్టం. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వాటి విస్తృతులు (సగటు నుంచి తేడాల వర్గాల సరాసరి, అంటే ప్రామాణిక విచలనం వర్గం) కూడుకుంటాయి.

1. 20 జట్ల పాయింట్ల విస్తృతి: 226.4. స్ప్రెడ్‌షీట్‌లో విస్తృతికి రెండు ఫంక్షన్లు ఉంటాయి. 20తో భాగించేది వాడాలి, 19తో భాగించేది కాదు.
2. అందరూ సమానమైతే, 107 డ్రాల లెక్కన, ఒక మ్యాచ్‌లో ఒక జట్టు పాయింట్ల విస్తృతి 1.667. 38తో గుణిస్తే 63.3.
3. వాటా: 63.3ను 226.4తో భాగిస్తే 28 శాతం.
4. మిగిలిన 163 బలాబలాలది. వర్గమూలం 12.8 పాయింట్లు.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. విస్తృతులకు బదులు ప్రామాణిక విచలనాలను భాగిస్తే (7.96 బై 15.05) 53 శాతం వస్తుంది. విచలనాలు కూడుకోవు కాబట్టి అది వాటా కాదు. ఫుట్‌బాల్‌లో సగం అదృష్టమే అని ఎవరైనా అంటే ఏది దేనితో భాగించారో అడగండి.

రెండు మార్పులు చేసి ఈ 28 ఎంత గట్టిదో పరీక్షించాను. సొంత మైదానం లాభాన్ని లెక్కలోకి తెచ్చాను: ఆతిథ్య జట్ల గెలుపులు 157, అతిథులవి 116. అదృష్టం విస్తృతి 62.4కి తగ్గింది, వాటా 27.5. పెట్టిన శ్రమకు తగ్గ మార్పు కాదు, మీరు ఈ మెట్టు వదిలేయవచ్చు. రెండోది, 17 పాయింట్ల ఆస్టన్ విల్లాను పక్కన పెట్టాను. మొత్తం విస్తృతి 226 నుంచి 172కి కూలిపోయింది, వాటా 37కి ఎగబాకింది. ఒక్క జట్టుతో ఇంత మారిందంటే ఒక్క సీజన్ మీద ఆధారపడి దశాంశాల దాకా వాదించడం దండగ. నాలుగో వంతుకూ, మూడో వంతు పైచిలుకుకూ మధ్య ఎక్కడో ఉంది. అంతవరకే చెప్పగలం.

ఇప్పటిదాకా లెక్క: మొత్తం విస్తృతి 226, అందులో అదృష్టం 63, బలాబలాలు 163. సగటు కన్నా లెస్టర్ పైనున్నది 29.35 పాయింట్లు. అందులో 72 శాతాన్నే నిజమైన బలంగా లెక్కిస్తే 21.1. అంటే లెస్టర్ అసలు బలం దాదాపు 73 పాయింట్లు, అదృష్టం 8.

దశ 6: గోల్ తేడాతో సరిచూడడం

ఒకే దారిలో వచ్చిన అంకెను నమ్మలేను. కాబట్టి మరో దారి: గోల్ తేడా. పాయింట్ల కన్నా దీనిలో ఒక్క గోల్ గెలుపుల ప్రభావం తక్కువగా ఉంటుంది.

20 జట్ల గోల్ తేడాలకూ పాయింట్లకూ సరళరేఖ గీస్తే వాలు 0.65 వచ్చింది. ఒక గోల్ విలువ ఒక పాయింటులో మూడింట రెండు వంతులు. ఆ రేఖ ప్రకారం రావలసినవి, వచ్చినవి:

1. లెస్టర్ (తేడా +32): 72.4 రావాలి, 81 వచ్చాయి. 8.6 ఎక్కువ.
2. స్టోక్ సిటీ (–14): 42.6 రావాలి, 51 వచ్చాయి. 8.4 ఎక్కువ.
3. మాంచెస్టర్ యునైటెడ్ (+14): 60.7 రావాలి, 66 వచ్చాయి. 5.3 ఎక్కువ.
4. ఎవర్టన్ (+4): 54.2 రావాలి, 47 వచ్చాయి. 7.2 తక్కువ.
5. చెల్సీ (+6): 55.5 రావాలి, 50 వచ్చాయి. 5.5 తక్కువ.
6. మాంచెస్టర్ సిటీ (+30): 71.1 రావాలి, 66 వచ్చాయి. 5.1 తక్కువ.
7. టోటెన్‌హామ్ (+34): 73.7 రావాలి, 70 వచ్చాయి. 3.7 తక్కువ.

దశ 5లో గోల్స్ ఊసే లేదు, పాయింట్ల విస్తృతి మాత్రమే. ఇక్కడ గోల్స్‌తో లెక్క. ఆ దారిలో 73, ఈ దారిలో 72.4. రెండూ ఒకే చోటికి చేరినప్పుడు నాకు కలిగిన నమ్మకం అంతకు ముందు లేదు.

రెండో వరసను గమనించండి. స్టోక్‌కు కలిసొచ్చింది దాదాపు లెస్టర్‌కు కలిసొచ్చినంతే. దాన్ని 43 నుంచి 51కి, 9వ స్థానానికి చేర్చింది. లెస్టర్ అదృష్టం గురించి లోకమంతా మాట్లాడింది, స్టోక్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అదృష్టం శిఖరం మీద ఉన్నప్పుడే కంటికి కనిపిస్తుంది, పట్టిక నడుమ దాక్కుంటుంది.

దశ 7: మరుసటి సీజన్ పరీక్ష

కలిసొచ్చినది నిజంగా అదృష్టమైతే మరుసటి ఏడాది అది వెంట రాకూడదు. 2016–17 అంకెలు: లెస్టర్ 81 నుంచి 44, స్టోక్ 51 నుంచి 44. కలిసిరాని వైపు ఎవర్టన్ 47 నుంచి 61, చెల్సీ 50 నుంచి 93, మాంచెస్టర్ సిటీ 66 నుంచి 78, టోటెన్‌హామ్ 70 నుంచి 86. దిశ సరిపోయింది. యునైటెడ్ మాత్రం ఎదురు తిరిగింది: కలిసొచ్చిన జట్టే, అయినా 66 నుంచి 69కి పెరిగింది.

పరిమాణాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. లెస్టర్ బలం 73 అనుకుంటే 44కి రావడానికి 29 పాయింట్లు పడాలి. మరుసటి ఏడాది అదృష్టం ఊగిసలాట, నా అంచనాలోనే ఉన్న అనిశ్చితి కలిపితే విచలనం 10.4. 29 అంటే దానికి 2.8 రెట్లు. వెయ్యిలో మూడు సార్లు కూడా జరగనిది. కాబట్టి ఆ పతనాన్ని అదృష్టం వెనక్కి తీసుకుందని చెప్పి ఊరుకోలేం. లెస్టర్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే 2016 వేసవిలో చెల్సీకి వెళ్లిపోయాడు, చెల్సీ 93 పాయింట్లతో కప్పు గెలిచింది. లెస్టర్ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా ఆడింది, వారం మధ్యలో ఆ మ్యాచ్‌లు అదనపు బరువు. 2017 ఫిబ్రవరిలో రానియేరిని తొలగించారు. 81 నుంచి దిగిన 37లో అదృష్టం ఖాతాకు 8 రాయగలను. మిగతా 29లో ఎక్కువ భాగం జట్టు మారిపోవడమే.

ఈ లెక్క లెస్టర్‌ను చిన్నబుచ్చుతుందని అనుకునేవాళ్లకు ఒక మాట. 41 పాయింట్ల జట్టు ఏడాదిలో 73 పాయింట్ల జట్టు అయింది. ఆ 32 పాయింట్ల ఎదుగుదల ఆటగాళ్లది, శిక్షకుడిది. ఆ పైన పడిన 8 పాచికలవి. ఎనిమిది లేకపోతే ఆ కప్పు టోటెన్‌హామ్‌తోనో ఆర్సెనల్‌తోనో నాణెం ఎగరేసినట్టు ఉండేది. ముప్ఫై రెండు లేకపోతే ఆ పోటీలోనే లేరు.

దశ 8: మీ జట్టుకు వాడుకునే విధానం

ఎన్ని మ్యాచ్‌ల తర్వాత పట్టికను నమ్మాలి? అదృష్టం విస్తృతి మ్యాచ్‌ల సంఖ్యతో పెరుగుతుంది, బలాబలాల విస్తృతి ఆ సంఖ్య వర్గంతో పెరుగుతుంది. ఈ రెండూ సమానమయ్యేది 15వ మ్యాచ్ దగ్గర. అంతవరకు పట్టికలో అదృష్టానిదే పైచేయి. దీని నుంచి ఒక చిట్కా వస్తుంది:

1. జట్టు పాయింట్లకు 20.4 కలపండి. ఇవి 15 సగటు మ్యాచ్‌ల పాయింట్లు.
2. ఆడిన మ్యాచ్‌లకు 15 కలపండి.
3. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మ్యాచ్‌కు నిజమైన బలం అంచనా.

లెస్టర్‌కు: 101.4 బై 53, అంటే 1.91. 38 మ్యాచ్‌లకు మళ్లీ 73.

ఇది తేలిపోయిన చోటు కూడా చెప్పాలి. 2015 డిసెంబర్‌లో చెల్సీ 16 మ్యాచ్‌లకు 15 పాయింట్లతో ఉండగా దాని శిక్షకుడు జోస్ మోరిన్యో పదవి పోయింది. ఆఖరి దెబ్బ లెస్టర్ చేతిలో 1–2 ఓటమే. చిట్కా ప్రకారం మిగిలిన 22 మ్యాచ్‌లకు 25 పాయింట్లు రావాలి. వచ్చినవి 35. అంతకు ముందు ఏడాది 87 పాయింట్లతో కప్పు గెలిచిన జట్టును నా చిట్కా ఒక అనామక సగటు జట్టుగా చూసింది. అందుకే మార్పు చేశాను: 15 సగటు మ్యాచ్‌లకు బదులు ఆ జట్టు గత సీజన్ సగటును లీగ్ సగటుతో సగానికి సగం కలిపి వాడుతున్నాను. అలా చేస్తే చెల్సీ అంచనా 30కి చేరుతుంది. కొత్త శిక్షకుడి మహిమగా చెప్పుకున్న దానిలో కొంత, జట్టు తన మామూలు స్థాయికి తిరిగి రావడమే.

హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన సీజన్‌కు ఇదే పద్ధతి వాడాలంటే ఒక అంకె మార్చాలి. 2021–22 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో లీగ్ దశ జట్టుకు 20 మ్యాచ్‌లే. ఇంగ్లండ్ డ్రాల శాతమే తీసుకున్నా అదృష్టం విచలనం 5.8 పాయింట్లు. రెండు సమాన జట్ల మధ్య తేడాకైతే 8 దాటుతుంది. ఆ ఏడాది జంషెడ్‌పూర్ 43తో లీగ్ షీల్డ్ తీసుకుంది, హైదరాబాద్ 38తో రెండో స్థానంలో ఆగింది. 5 పాయింట్ల ఆ తేడాతో ఎవరు మెరుగో తేల్చలేం. తర్వాత కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1–1 అయి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది, హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. షూటౌట్‌కు ఈ పాచికలు పనికిరావు. అక్కడ ప్రతి షాట్‌కు గోల్ అయ్యే అవకాశం తొమ్మిదింట ఒకటి కాదు, నాలుగింట మూడుకు దగ్గర. దానికి వేరే షీటు మొదలుపెట్టాను. అయిదేసి షాట్లు, విసురుకు రెండు పాచికల మొత్తం 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే గోల్: 36లో 26, అంటే 72 శాతం.